కాలు తాకని నిద్ర

ఎల్లం గురక పెడితే నవాబుపేట గల్లీలో కట్టేసిన మేకలు చెవులు రిక్కించేవి. కల్పించి చెప్పే మాట కాదు, ఎదురింటి సాలెహాను అడిగినా ఇదే చెబుతుంది. రాత్రంతా రామాయంపేట రోడ్డు మీది రైస్ మిల్లుకు కావలి కాసి, పొద్దున సైకిలు మీద ఇంటికొచ్చి, ఇంత తిని వెల్లకిలా పడ్డాడంటే ఇక మధ్యాహ్నం దాకా ఇంటి పైరేకులు అదిరేవి. "ఏం నిద్రరా నాయనా, పెట్టి పుట్టిండు" అని గల్లీ అంతా మెచ్చుకునేది. మెచ్చుకోవడానికేముంది అందులో! గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని మొట్టమొదట ఎవరన్నారో గాని, వాళ్ళ నోట్లో మన్నుపడ. అది నిద్ర కాదని ఆ గురక పక్కన కూర్చున్న మనిషికి తెలుసు.

ఆ మనిషి ఎల్లం భార్య రాజమణి. బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉన్నది ఒకటే అర్ర. మొగుడు గోడవారన పడుకుంటే, ఆమె అతని కాళ్ళ దగ్గర కూర్చుని, కత్తిరించిన తునికాకూ తంబాకూ ఉన్న చాటను ఒళ్ళో పెట్టుకునేది. చేతులు వాటి పని అవి చేసేవి. చెవులు మాత్రం గురక మీద ఉండేవి. గురక మెల్లగా మొదలై, పైకి పైకి పోయి, ఉన్నట్టుండి తెగిపోయేది. ఛాతీ ఎగిరిపడేది, కడుపు లోపలికి గుంజుకునేది, ముక్కులోకి మాత్రం గాలి పోయేది కాదు. పెదవులు నల్లబడేవి. అప్పుడు రాజమణి ఎడమ కాలు చాపి, బొటనవేలితో అతని పిక్క మీద ఒక్క పోటు పొడిచేది. ఎల్లం నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా "హా" అని గాలి గుంజుకుని, కొంచెం కదిలి, మళ్ళీ గురక మొదలుపెట్టేవాడు.

మొదట్లో చూసి, భయపడి పొడిచేది. ఏళ్ళు గడిచేకొద్దీ చూడాల్సిన పని కూడా లేకపోయింది. గురక తెగీ తెగకముందే కాలు తనంతట తానే పోయేది. ఆమె సాలెహాతో కిటికీలోంచి ముచ్చట పెడుతూ ఉండేది, నవ్వుతూ ఉండేది, కాలు దాని పని అది చేసుకునేది.

చేత్తో తట్టొచ్చు కదా అంటారేమో. చేతుల నిండా తంబాకు, వేళ్ళ మధ్య సగం చుట్టిన బీడీ. చాట దించి, చెయ్యి కడుక్కుని తట్టేలోపల మనిషి పోతే? అయినా మొగుణ్ణి కాలితో తాకడమంటే మాటలా? పొడిచిన ప్రతిసారీ తంబాకు అంటని మణికట్టును కళ్ళకు అద్దుకుని, తప్పు తప్పు అనుకునేది. తప్పని తెలిసే చేసేది.

అత్త బాలనర్సమ్మ కళ్ళకు కాలు కనబడింది గాని, మణికట్టు ఎప్పుడూ కనబడలేదు. "కట్టుకున్నోన్ని కాలితోని తన్నే ఆడిదాన్ని ఈ ఇంట్లనే సూస్తున్న" అని వాకిట్లో కూర్చుని నలుగురికీ వినబడేటట్టు అనేది. ఎల్లం కూడా తక్కువ తినలేదు.

"పొద్దంత తంతనే ఉంటది. నాకు నిద్రెక్కడిది? గందుకే డ్యూటీల కండ్లు మూతలు పడుతున్నయి."

"నీ దమ్ము ఆగుతున్నదయ్యా" అని రాజమణి ఒకసారి ధైర్యం చేసి చెప్పింది.

తల్లీకొడుకులు మొహాలు చూసుకున్నారు. "గురక వెట్టేటోనికి దమ్ము ఎట్ల ఆగుతదే? దమ్ము ఉంటెనే గద గురకొచ్చేది!" అని బాలనర్సమ్మ పడీ పడీ నవ్వింది. ఎల్లం కూడా నవ్వాడు. ఆ తర్వాత రాజమణి ఆ మాట ఎత్తలేదు. కాలు మాత్రం ఆపలేదు. పగటిపూట పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. పురుళ్ళకు పోవడం మానేసింది. ఒక్కగానొక్క బిడ్డ మమత పెళ్ళయి కామారెడ్డికి పోతే, అక్కడికి కూడా పొద్దుగూకాక పోయి పొద్దున మొదటి బస్సుకు వచ్చేసేది. "మొగన్ని ఇడ్సి ఉండలేదమ్మా" అని గల్లీలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. నవ్వుకోనీ. ఆమె భయం ఆమెది. తను లేని పూట అతను పోతాడు, అంతే. ఆ ఒక్క భయం తప్ప ఆమెకు లోకంలో ఇంకే భయమూ లేదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోనే ఉండిపోయాయి, బడులకు తాళాలు పడ్డాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మెదక్‌లో ఎటు చూసినా టెంట్లు, డప్పులు, జై తెలంగాణ. అట్లాంటి ఒక పొద్దున డ్యూటీ దిగి వస్తూ ఎల్లం సైకిలు మీదనే నిద్రపోయాడు. సైకిలు సక్కగా పోయి రోడ్డు పక్క మురుగు పారే మోరీలో పడింది. నొసలు పగిలింది. టెంటులో ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి లేపి, "పొద్దుగాలనే ఏసిండు" అని తేల్చేశారు. పాపం, ఆ రాత్రి అతను చాయ్ తప్ప ఏమీ తాగలేదు.

డాక్టర్ దామోదర్ తన దవాఖానలో నొసటికి కుట్లు వేస్తున్నాడు. సూది గుచ్చుతూనే ఉన్నాడు, ఎల్లం గురక పెట్టాడు. డాక్టర్ చెయ్యి ఆగింది. కాసేపు ఆ గురకనే వింటూ నిలబడి, తలుపు దగ్గరున్న రాజమణి వైపు తిరిగాడు.

"నిద్రల ఈయనకు ఊపిరి ఆగుతుంటదా అమ్మా?"

రాజమణికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట తనను అడిగిన మొదటి మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది, ఊపుతూనే ఉంది.

డాక్టర్ విడమరచి చెప్పాడు. కొందరికి నిద్రలో గొంతు వెనక కండలు వదులై గాలిదారి మూసుకుపోతుందట. గాలి అందక మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుందట. లేచిన సంగతి మనిషికి తెలియదు, గాలి గుంజుకుని మళ్ళీ పడుకుంటాడు. రాత్రంతా అదే తంతు. అందుకే ఎంత పడుకున్నా నిద్ర తీరదు, కూర్చున్నచోట తూగుతాడు, లేస్తూనే తలనొప్పి. అట్లాగే వదిలేస్తే గుండె మీదకు వస్తుంది. వైద్యం ఉందా అంటే ఉంది. మూతికి మాస్కు పెట్టి గాలి ఊదే మెషిన్ ఉంది, పెట్టుకుంటే దారి మూసుకుపోదు. కాని ముందు జబ్బు ఎంత ఉందో తేలాలి.

"హైదరాబాద్‌ల రాత్రంత పండవెట్టి సూస్తరు. ఇప్పుడు బస్సులు లెవ్వు గద. నా దోస్తు దగ్గర చిన్న మెషిన్ ఒకటుంది, ఇంట్లనే పెట్టుకోవచ్చు. తెప్పిస్త."

మెషిన్‌ను జియా తెచ్చాడు. ల్యాబులో పనిచేసే మనిషి, పక్క గల్లీవాడే. ఎల్లం నిద్ర పగలే కాబట్టి పొద్దున్నే వచ్చి, ఛాతీకి పట్టీ బిగించాడు, ముక్కు కింద సన్నటి గొట్టం పెట్టాడు, వేలికి ఎర్రలైటు క్లిప్పు తొడిగాడు. ఊపిరి ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, నెత్తురులో గాలి ఎంత తగ్గింది, అంతా మెషినే రాసుకుంటుందన్నాడు.

"పాడె మీద కట్టినట్టు కట్టినవు గద తమ్మీ" అన్నాడు ఎల్లం.

"తౌబా! అట్ల అనొద్దన్నా, పొద్దుగాలనే."

"నేనేం జెయ్యాలె తమ్మీ?" అని రాజమణి అడిగింది.

"మీరేం జెయ్యొద్దక్కా. రోజు ఎట్లుంటరో గట్లనే ఉండుండ్రి. కొత్తగ ఏం మార్చొద్దు."

రోజూ ఎట్లా ఉంటుంది? చాట ఒళ్ళో పెట్టుకుని కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. అట్లాగే కూర్చుంది. పైగా అది టెస్టు. టెస్టు అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, పాసు కావాలి. చెడ్డ రిపోర్టు రావాలని ఏ ఇల్లాలు మొక్కుకుంటుంది? ఆ పూట బొటనవేలు మరింత చురుకుగా ఉంది. ఒక్క ఊపిరి కూడా పోనివ్వలేదు.

రెండు రోజుల తర్వాత డాక్టర్ ముగ్గురినీ లోపలికి పిలిచి కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు. మొహంలో సంతోషం లేదు, అనుమానం ఉంది.

"నార్మల్ వచ్చింది" అన్నాడు. "నేను గిట్ల అనుకోలే. అమ్మా, ఆయన పండుకున్నప్పుడు ఎవరన్న కదిలించిన్రా? లేపిన్రా?"

మాట రాజమణి నోటిదాకా వచ్చింది. కాలితో అని ఎట్లా చెప్పడం? చదువుకున్న పెద్దమనిషి ముందు, వెనక అత్త నిలబడి ఉండగా, నా మొగణ్ణి కాలితో పొడుస్తాను సార్ అని ఏ ఆడది చెబుతుంది? ఆమె ఎల్లం వైపు చూసింది. ఎల్లం గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తున్నాడు. పెళ్ళాం తంతుందని ఏ మగాడు మాత్రం చెప్పుకుంటాడు? బాలనర్సమ్మ, ఇంట్లో అంత నోరున్న మనిషి, ఇంటి పరువని పెదవి బిగించింది. ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ మింగేశారు.

"లేదు సార్" అంది రాజమణి.

"అట్లయితే, మెషిన్ ఒక్కోసారి పట్టుకోలేకపోవచ్చు. నా అనుమానం పోలేదు. సమ్మె అయిపోంగనే హైదరాబాద్ పోయి సూపిచ్చుకోవాలె. అప్పటిదాక ఒళ్ళు తగ్గియ్యాలె, మందు ముట్టొద్దు, వెల్లకిల పండొద్దు, పక్కకు తిరిగి పండాలె. ఆయన్ను ప్రశాంతంగ నిద్రపోనియ్యుండ్రి."

ఇంత చెబితే ఆ ఇంటికి రెండు మాటలే వచ్చి చేరాయి. ఒకటి నార్మల్, రెండోది ప్రశాంతంగ. బాలనర్సమ్మ ఆ రోజే పొద్దుగూకంగా హనుమాండ్ల గుడిలో కొబ్బరికాయ కొట్టింది. ఒక ముక్క సాలెహాకు కూడా పంపింది.

రాజమణి సంగతి చెప్పాలంటే, ఆమెకు సంతోషమే అయింది. ఎందుకు దాచాలి? నార్మల్ అంటే మనిషికి ఏమీ కాదనే కదా. గుండె మీది బండ దిగింది. దిగిన వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అయితే ఇన్నేళ్ళూ ఏ జబ్బూ లేని మనిషిని నిద్రపోనివ్వకుండా తన్నానా? మొగుడు మోరీలో పడింది నా కాలి వల్లనా? ఆ ఆలోచనతో ఆమెకు అన్నం సహించలేదు.

ఆ మాటే అత్త పైకి అంది. "డాక్టరే అన్నడు గద, రోగం లేదు, ప్రశాంతంగ పండనియ్యుండ్రి అని. ఈ ఇంట్ల ప్రశాంతం లేకుంట జేసేది ఎవ్వరో నేను జెప్పాల్నా? బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. జర తల్లిగారింటికి పోయి ఉండు. నా కొడుకు నిద్రకు నేను కావలుంట."

రాజమణి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. కాగితం కూడా అత్త వైపే ఉంది. తమ్ముడు నర్సింగం హవేలిఘనపూర్ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. బయలుదేరుతుంటే ఎల్లం గల్లీ చివరిదాకా వచ్చాడు. నొసటి కుట్టు ఇంకా మానలేదు.

"నా వల్ల ఎన్నడన్న పండుగకు పోయినవానే? పో, మంచిగ ఆడుకో" అన్నాడు. బండి కదులుతుంటే వెనక నుంచి అరిచాడు. "వచ్చేటప్పుడు గా కాలు ఆడనే ఇడ్సి రా!"

తమ్ముడు నవ్వాడు. రాజమణీ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని, నవ్వింది.

హవేలిఘనపూర్‌లో మొదటి రోజు పట్టపగలు పడుకుంది. మధ్యాహ్నం లేచి, ఇంతసేపు పడుకున్నానా అని తనకు తానే ఉలిక్కిపడింది. సాయంత్రం తంగేడు పూలు పేర్చి, ఆడవాళ్ళతో చేతులు కలిపి చుట్టూ తిరిగింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఆ హాయికి మళ్ళీ తనను తానే తిట్టుకుంది. ఎల్లం సందెవేళ డ్యూటీకి పోతూ ఫోన్ చేసేవాడు. "తలకాయ పలుగుతున్నది గని, నిద్ర మాత్రం మస్తు పడుతుందే. అమ్మ ఈగను గూడ రానిస్తలేదు" అనేవాడు. ఆ మాట వినగానే ఆమె మనసు కుదుటపడేది. తలనొప్పి మాట చెవిన పడింది గాని, లోపలికి పోలేదు.

నాలుగైదు రోజులు గడిచాయి. ఖాళీ చేతులతో కూర్చోలేక రాజమణి ఒక పొద్దున, తమ్ముడి భార్య యశోద దగ్గర చాట తీసుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. పక్కన బియ్యం బస్తా ఉంది. యశోద కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"ఒదినె, గా బియ్యం బస్తను తంతున్నవేందే? అదేం జేసింది నిన్ను?"

రాజమణి కిందికి చూసుకుంది. ఎడమ కాలి బొటనవేలు బస్తాను పొడుస్తోంది. తనకు తెలియనే తెలియదు. నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఎన్నడూ ఎవరికీ చెప్పుకోనిదంతా మరదలికి చెప్పుకుంది, గురక, ఊపిరి, కాలు, మణికట్టు, మెషిన్, అంతా.

"మెషిన్ పెట్టిన్నాడు గూడ తన్నినవా?" అంది యశోద.

"తన్నిన. రోజు లెక్కనే ఉండుమన్నడు గద గా పిలగాడు."

యశోదకు నవ్వు ఆగలేదు. "అయితె మెషినుకు మా అన్న దమ్ము ఏం దెలిసిందే ఒదినె? నీ కాలు దెలిసింది! నార్మల్ అన్నది నీ కాలుకే!"

యశోద హాస్యానికే అంది. నవ్వుతూ వంకాయ తరుగుతూనే ఉంది. రాజమణి చేతిలో బీడీ అట్లాగే ఆగిపోయింది. చాట ఒళ్ళోంచి జారి తంబాకు నేలంతా చిందింది. మెషిన్ ముందు ఊపిరి ఆగితే కదా అది రాసుకునేది. తను ఆగనిస్తే కదా!

ఎల్లంకు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. పడుకునేముందు ఆపేస్తాడు, మరి ప్రశాంతం కావాలి కదా. అత్తకు ఫోన్ లేదు. సాలెహా నంబరు తన దగ్గర లేదు. తమ్ముడు బండి తీసుకుని పొలం పోయాడు. రాజమణి తంబాకు చేతులతోనే రోడ్డెక్కింది. వెనక నుంచి యశోద పిలుస్తూనే ఉంది.

మెదక్ రోడ్డు మీద ఆ రోజు వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ళు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. లారీలు, ట్రాక్టర్లు వరసగా నిలిచిపోయాయి. ఒక ఆటో అతన్ని బతిమాలింది.

"బండి కదిలితె అద్దాలు పలగ్గొడ్తరక్కా. పొద్దుగూకినంక పోదాం."

"గప్పటిదాక ఉండడు తమ్మీ" అంది రాజమణి. అతనికి అర్థం కాలేదు.

డప్పుల మధ్య నుంచి, పొగ మధ్య నుంచి నడిచింది. "ఇంత తిని పో అక్కా, మన తెలంగాణ బువ్వ" అని ఎవరో విస్తరి చేతికివ్వబోయారు. మంచివాళ్ళే పాపం. ఆమె చెయ్యి విదిలించుకుని ముందుకు పోయింది. నడుస్తూ తనకు తానే చెప్పుకుంది. ఇన్ని రోజులు ఏం కాలేదు కదా, ఈ ఒక్క పూటకేమవుతుంది, పోగానే డాక్టర్ దగ్గరికి పోతా, సార్ కాలితో పొడుస్తాను సార్ అని అందరి ముందు చెబుతా, అత్త చెప్పుతో కొట్టినా సరే, మళ్ళీ మెషిన్ పెట్టమంటా. ఆ మాటలే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ, పరుగో నడకో తెలియకుండా ఊళ్ళోకి వచ్చింది.

గల్లీ మలుపు తిరగగానే అలవాటుగా చెవి పెట్టింది. మేకలు మేత నములుతున్నాయి. ఇంకే చప్పుడూ లేదు.

బాలనర్సమ్మ గడప మీద కూర్చుని ఉంది. చేతిలో పిల్లలను తరమడానికి ఒక పుల్ల. కోడలిని చూడగానే వేలు మూతి మీద పెట్టుకుంది.

"ష్! మెల్లగ రాయే. గీ ఎండల గట్ల ఉరికొచ్చినవేంది?" అంది గుసగుసగా. ముసలి మొహం మీద ఎన్నడూ లేని వెలుగు. "పొద్దుగాల సంది ఒకటే గురక. జరసేపటి సంది సూడు, గురక గూడ లేదు. ఇన్నేండ్లకు నా కొడుకు సుకంగ పండుకుండు."

రాజమణి ఆమెను దాటుకుని లోపలికి పోయింది.

ఎల్లం వెల్లకిలా ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి ఉంది. రాజమణి పోయి అతని కాళ్ళ దగ్గర, తన చోట కూర్చుంది. ఒళ్ళో చాట లేదు. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి, పట్టుకుని ఊపొచ్చు, మొహం తడమొచ్చు. చేతులున్న సంగతే ఆమెకు తోచలేదు. ఎడమ కాలు చాపి, బొటనవేలితో పిక్క మీద పొడిచింది. పిక్క ఇంకా వెచ్చగానే ఉంది. "హా" అంటాడని చూసింది. అనలేదు. మళ్ళీ పొడిచింది. ఛాతీ ఎగరలేదు, కడుపు గుంజుకోలేదు.

గుమ్మంలోంచి బాలనర్సమ్మ చూసింది. గుసగుస మరిచిపోయి గొంతెత్తింది.

"ఓసి పాడుదానా, వచ్చుడు వచ్చుడే మల్ల మొదలువెట్టినవా? మొగన్ని తన్నకుంటె నీకు పొద్దువోదా? పండనియ్యవే వాన్ని!"

ఇన్నేళ్ళూ తంతుంది, తంతుంది అన్నారు. ఆమె ఎన్నడూ తన్నలేదు, వేలితో పొడిచిందంతే, పొడిచి కళ్ళకద్దుకుంది. ఇప్పుడు రాజమణి కాలు వెనక్కి తీసి, అత్త చూస్తుండగానే, శక్తికొద్దీ మొగుణ్ణి తన్నింది.